వగరు, పులుపు, వేడి: కాలిఫోర్నియా వైన్ రుచి చూసే పద్ధతి

రెడ్ వైన్ మొదటి గుక్కలో నోటికి తగిలేది వగరు. నేరేడు పళ్లు తిన్నాక నాలుక బిగుసుకున్నట్టు, జామపిందె కొరికితే చిగుళ్లు పట్టేసినట్టు ఉండే ఆ పొడితనాన్ని చాలామంది చేదు అనుకొని గ్లాసు పక్కన పెట్టేస్తారు. చేదు రుచి, వగరు స్పర్శ. ద్రాక్ష తొక్కలో, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకొని విరిచేస్తాయి. నోట్లోని జారుడుతనం పోయి చెంపల లోపలి భాగం గరుకుగా తోస్తుంది. ఆరు రుచుల్లో వగరును విడిగా లెక్కపెట్టుకున్న తెలుగువాళ్లకు ఈ తేడా పట్టుకోవడం కష్టం కాదు. కాలిఫోర్నియా వైన్ రుచి చూడటం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వైనరీల్లో ఇచ్చే కార్డు మీద పళ్ల పేర్లు, పూల పేర్లు ఉంటాయి. బ్లాక్‌కరెంట్ ఎన్నడూ తినని మనిషి ఆ వాసనను వైన్‌లో వెతకడం వృథా శ్రమ. వాసనలకు ఎవరు పెరిగిన ఇంటిని బట్టి వాళ్లకు పేర్లుంటాయి. పులుపు, వగరు, ఆల్కహాల్ వేడి, తీపి, చిక్కదనం అలా కావు, ఏ ఇంట పెరిగినవారికైనా అవి నోటికి తగులుతాయి. ముందు వాటిని తూచాలి, వాసనల పేర్లు తర్వాత. కాలిఫోర్నియా విషయంలో ఈ క్రమం మరీ ముఖ్యం. అక్కడ చాలాచోట్ల ద్రాక్ష పండదేమో అన్న బెంగ తక్కువ, మితిమీరి పండుతుందేమో అన్న బెంగే ఎక్కువ. పండేకొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. ఆ చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది. కాబట్టి గ్లాసు చేతిలో ఉన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎండ తెచ్చిన బరువును మోయగలిగేంత పులుపు ఈ వైన్‌లో మిగిలిందా?

ఎండ, పొగమంచు

ఆ పులుపును కాపాడేది పసిఫిక్ సముద్రం. ఉత్తరం నుంచి వచ్చే చల్లని ప్రవాహం వల్ల కాలిఫోర్నియా తీరంలో వేసవిలోనూ నీళ్లు చల్లగానే ఉంటాయి. లోపలి సెంట్రల్ వ్యాలీ మధ్యాహ్నానికి కాగిపోతుంది. అక్కడి వేడిగాలి పైకి లేస్తే, దాని చోటు నింపడానికి కొండల సందుల్లోంచి సముద్రపు గాలి లోపలికి దూరుతుంది. తీరానికి దగ్గరి లోయల్లో రాత్రికి పొగమంచు కమ్మి, పొద్దెక్కాక విడిపోతుంది. రాత్రి వెచ్చగా ఉంటే ద్రాక్ష తన శ్వాసక్రియలో పులుపునిచ్చే మాలిక్ ఆమ్లాన్ని ఖర్చు చేసేస్తుంది, చల్లబడితే ఆ ఖర్చు తగ్గుతుంది. పగటి ఎండకు చక్కెర పెరగడం, రాత్రి చలికి పులుపు నిలవడం ఒకే పండులో జరుగుతాయి.

అందుకే పటంలో ఉత్తర దక్షిణాలు చూసి అక్కడి చలిని, వేడిని నిర్ణయించకూడదు. నాపా లోయ పొడవు సుమారు 48 కిలోమీటర్లు. దాని దక్షిణపు కొస కార్నెరోస్ శాన్ పాబ్లో అఖాతాన్ని ఆనుకొని ఉంటుంది కనుక చల్లన, ఉత్తరపు కొస కాలిస్టోగా వేడి. ఒకే లోయలో కింద షార్డనే అనే వైట్ వైన్ ద్రాక్ష, పినో నొవార్ అనే రెడ్ వైన్ ద్రాక్ష పండితే, పైకి వెళ్లేకొద్దీ మరో రెడ్ రకం కాబెర్నే సొవిన్యో రాజ్యం. శాంటా బార్బరా కౌంటీలోని స్టా. రీటా హిల్స్ నాపాకు ఎంతో దక్షిణాన ఉన్నా చల్లని చోటు. అక్కడి కొండలు తూర్పు పడమరలుగా సాగడంతో సముద్రపు గాలికి అడ్డే లేదు. ఎత్తు కథ మళ్లీ వేరు. నాపాలోని హోవెల్ మౌంటెన్ ప్రాంతానికి 1,400 అడుగుల ఎత్తును సరిహద్దుగా పెట్టారు, పొగమంచు సాధారణంగా దానికి కిందే ఆగుతుంది. అక్కడ పలచని నేలలో పండే ద్రాక్ష పండు చిన్నది. రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ కాబట్టి వగరూ ఎక్కువే.

ఈ వేడిని అంకెల్లోకి తెచ్చినవారు యూసీ డేవిస్ విశ్వవిద్యాలయానికి చెందిన అమరీన్, వింక్లర్. ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 వరకు ప్రతిరోజూ సగటు ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను ఎంత దాటితే అంత కూడుతూ పోతారు. మొత్తం 2,500 లోపు ఉంటే ఒకటో ప్రాంతం, 4,000 దాటితే ఐదో ప్రాంతం. పొగమంచును, గాలిని, నేలను ఈ లెక్క పట్టించుకోదు. అయినా ఒక సీసా చల్లని చోటిదా వేడి చోటిదా అని ఊహించడానికి ఇంతకంటే తేలికైన కొలత లేదు.

కోత సమయానికి కాలిఫోర్నియా ద్రాక్ష రసంలో చక్కెర తరచు 24 నుంచి 26 బ్రిక్స్ ఉంటుంది, అంటే 100 గ్రాముల రసంలో దాదాపు అన్ని గ్రాముల చక్కెర. ఆ అంకెను 0.6తో గుణిస్తే రాబోయే ఆల్కహాల్ శాతం సుమారుగా తెలుస్తుంది. 25 బ్రిక్స్ అంటే 15 శాతం దగ్గర.

సీసా మీది లేబుల్ కూడా కొంత చెబుతుంది. 'కాలిఫోర్నియా' అని మాత్రమే ఉంటే ద్రాక్షంతా ఆ రాష్ట్రానిదే కావాలి గాని, అందులో ఏ మూలదైనా కావచ్చు. నాపా వ్యాలీ, రష్యన్ రివర్ వ్యాలీ లాంటి గుర్తింపు పొందిన ప్రాంతం పేరుంటే కనీసం 85 శాతం అక్కడిదై ఉండాలి. ద్రాక్ష రకం పేరు రాయడానికి 75 శాతం చాలు. అందుకే 'కాబెర్నే' అని రాసిన సీసాలో పావు వంతు మెర్లో గాని, పెటీట్ సిరా గాని ఉండొచ్చు. ఒకే తోట పేరు రాస్తే 95 శాతం ఆ తోటది. 'రిజర్వ్' అనే మాటకు అక్కడ చట్టపరమైన అర్థం లేదు, దాన్ని చూసి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. 14 శాతం దాటిన వైన్లలో ఆల్కహాల్ అంకెకు ఒక శాతం అటూ ఇటూ వెసులుబాటుంది. 14.5 అని రాసింది 15.4 కావచ్చు. కాబట్టి గొంతులో మంట ఎక్కువనిపిస్తే లేబుల్ కంటే నోటినే నమ్మాలి.

వైన్ కంటే ముందు నీళ్లు

పులుపు, తీపి, వగరు ఒకదాన్నొకటి దాచేస్తాయి. అది తెలుసుకోవడానికి వంటింటి సామాను చాలు. ఒక్కో గ్లాసులో 200 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఒకదానిలో అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), ఇంకొకదానిలో రెండు గ్రాముల చక్కెర కలపాలి. మూడో గ్లాసులో పాలు, చక్కెర లేకుండా పది నిమిషాలు నానబెట్టిన టీని చల్లార్చి పెట్టాలి. నిమ్మ ఉప్పు నీళ్లు తాగితే దవడల పక్క నుంచి లాలాజలం ఊరుతుంది. టీ తాగితే దానికి సరిగ్గా వ్యతిరేకం, నోరు ఆరిపోతుంది. పులుపుకు, వగరుకు గుర్తులు ఈ రెండే. తర్వాత నిమ్మ ఉప్పు నీళ్లలో రెండు గ్రాముల చక్కెర వేసి మళ్లీ రుచి చూడాలి. ఆమ్లం ఒక్క చుక్క తగ్గలేదు, అయినా పులుపు తగ్గినట్టు తోస్తుంది. పలు ద్రాక్ష రకాలు కలిపి చేసే చవక ధరల రెడ్ బ్లెండ్లు కొన్ని ఈ కిటుకు మీదే నిలబడతాయి. లీటరుకు 10 గ్రాములు దాటిన చక్కెర వాటిలో వగరును కప్పి 'మెత్తని వైన్' అనిపిస్తుంది. పండు వాసనను కూడా తీపి అని పొరబడటం మామూలే. ముక్కు మూసుకొని గుక్క వేస్తే ఈ చిక్కు విడిపోతుంది. అప్పుడు కూడా నాలుకకు తీపి తగిలితే అది నిజంగా చక్కెరే.

వేడి పాడుచేసే గ్లాసు

రెడ్ వైన్ 'గది ఉష్ణోగ్రత'లో ఇవ్వాలన్న మాట యూరప్ పాత రాతి ఇళ్ల నాటిది. ఆ గది అంటే 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్. విజయవాడలో గాని, వేసవిలో శాన్ హోసేలో గాని గదికి ఆ అర్థం లేదు. 28 డిగ్రీల కాబెర్నేలో ఆల్కహాల్ ఆవిరి ముక్కుకు ముందు తగిలి పండును కప్పేస్తుంది. 15 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్లలో ఇది మరీ ఘోరం. కాలిఫోర్నియా రెడ్ వైన్లు 'మండుతాయి' అనేవారిలో చాలామంది వాటిని వేడిగా తాగినవారే. కాబెర్నే, జిన్‌ఫాండెల్ లాంటి రెడ్లు 16–18 డిగ్రీలు, పినో నొవార్ 13–15, ఓక్ పీపాలో ఉంచిన షార్డనే 11–13, సొవిన్యో బ్లాంక్ అనే వైట్ 8–10 దగ్గర బాగుంటాయి. వైట్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి 4 డిగ్రీల దగ్గరే తాగితే వాసన ముడుచుకుపోయి పులుపు ఒక్కటే మిగులుతుంది.

30 డిగ్రీల దగ్గరున్న రెడ్ సీసా ఫ్రిజ్‌లో 18కి దిగడానికి గంటన్నర పైన పట్టొచ్చు. బకెట్‌లో ఐసు, నీళ్లు సగం సగం పోసి మెడ దాకా ముంచితే పావుగంట చాలు, వైట్‌కు అరగంట. ఐసు ఒక్కటే వేస్తే ముక్కల మధ్య గాలి ఉండి సీసాకు చలి సరిగా అందదు. నీళ్లు తప్పనిసరి.

గ్లాసు పైకి వచ్చేకొద్దీ సన్నబడాలి, కాడ ఉండాలి. ఒక్కో వైన్‌కు 50–60 మిల్లీలీటర్లు పోస్తే 750 మిల్లీలీటర్ల సీసా పన్నెండు మందికి పైగా వస్తుంది. ముందురోజు కడిగిన గ్లాసుకు సబ్బు వాసన, చెక్క అలమర వాసన అంటుకొని ఉండొచ్చు, పోసే ముందు ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూడాలి. గదిలో అగరుబత్తి, అత్తరు, పక్క వంటింట్లో పోపు ఉండకూడదు. సోంపు, వక్క, కాఫీ అంతకు ముందు గంట మానేయాలి.

చూపు, ముక్కు, గుక్క

తెల్ల కాగితం మీద గ్లాసును వంచి అంచు రంగు చూడాలి. చిన్న వయసు రెడ్ అంచు ఊదాగా, ముసలిది ఇటుక రంగులో ఉంటుంది. వైట్ వయసుతో ముదురుతుంది. ఇంతకు మించి రంగును నమ్మకూడదు. పలచగా కనిపించిందని మంచి పినో నొవార్‌ను తీసిపారేసేవారున్నారు, ఆ ద్రాక్ష తొక్క పలచన, అంతే. గ్లాసు గోడ మీద జారే 'కన్నీళ్లు' ఆల్కహాల్ సంగతి చెబుతాయి గాని నాణ్యత సంగతి కాదు.

గ్లాసు తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడాలి. దోషాలు మొదటిసారే బయటపడతాయి. దీర్ఘంగా పీల్చితే ముక్కు అలసిపోతుంది. రెండు మూడు చిన్న పీల్పులు, మధ్యలో పది సెకన్ల విరామం చాలు. వాసనలకు పేర్లు పెట్టడానికి యూసీ డేవిస్‌లో ఆన్ నోబుల్ 1980లలో ఒక చక్రం తయారుచేశారు: మధ్యలో 'పండు', 'మసాలా' లాంటి పెద్ద మాటలు, అంచుకు వెళ్లేకొద్దీ ఒక్కో పండు పేరు. ఆ పద్ధతి గొప్పది, అందులోని పేర్లే మనవి కావు. పెద్ద మాట ముందు పట్టుకొని, చిన్న మాట సొంత ఇంటి నుంచి తెచ్చుకుంటే సరిపోతుంది: నేరేడు, ఎండు ద్రాక్ష, లవంగం, మిరియం, పంపరపనస. సొవిన్యో బ్లాంక్‌లో జామపండు వాసన పోలిక కోసం చెప్పేది కాదు, అలాంటి గంధక పదార్థాలు రెండింటిలోనూ నిజంగా ఉన్నాయి.

గుక్క 10–15 మిల్లీలీటర్లు చాలు. నోరంతా తిప్పి పది సెకన్లు ఉంచి, పెదాలు కొంచెం తెరిచి గాలి లోపలికి లాగి, ఉమ్మేయాలి. ఊరిన లాలాజలం పులుపు, చిగుళ్ల మీది గరుకు వగరు, గొంతులో దిగే సెగ ఆల్కహాల్, నీళ్లకూ పాలకూ మధ్య ఎక్కడుందన్నది చిక్కదనం. ఉమ్మేశాక రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టాలి. పండు రుచి పోయి సెగ ఒక్కటే మిగిలితే ఆ వైన్‌లో పండు ఎండకు ఓడిపోయినట్టు.

ఉమ్మడం మర్యాద తక్కువ పని కాదు, వైనరీల్లో దానికి పాత్ర పెట్టే ఉంచుతారు. 60 మిల్లీలీటర్ల చొప్పున ఐదు వైన్లు మింగితే 300 మిల్లీలీటర్లు. 14.5 శాతం లెక్కన అందులో సుమారు 34 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అమెరికా ప్రామాణిక డ్రింకు 14 గ్రాములే. కాలిఫోర్నియాలో కారు నడిపేవారికి రక్తంలో 0.08 శాతమే హద్దు. రెండో వైనరీ దాటాక నాలుక తీర్పు కూడా మొద్దుబారుతుంది.

వైట్ వైన్లలో తేడా ఎక్కడ

షార్డనే ద్రాక్షకు సొంత గొంతు తక్కువ, తయారీదారు ఏం చేస్తే అది పైకి వినిపిస్తుంది. అందుకే దీన్ని చదవడం నేర్చుకుంటే సగం విద్య వచ్చినట్టే. పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లాన్ని ఒక రకం బాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా, అంటే పెరుగులో ఉండే ఆమ్లంగా మారుస్తుంది. పులుపు మెత్తబడుతుంది. దానితో పాటు పుట్టే డయాసిటైల్ వెన్న వాసన ఇస్తుంది. 225 లీటర్ల కొత్త ఓక్ పీపా వనిల్లా, కాల్చిన చెక్క, లవంగం వాసనలు ఇస్తుంది, అమెరికన్ ఓక్ అయితే కొబ్బరి కూడా. ఈ రెండింటినీ కలిపి 'ఓక్ వాసన' అనేయడం అందరూ చేసే తప్పు. వెన్న బాక్టీరియాది, వనిల్లా చెక్కది. ఒకటి ఉండి రెండోది లేని వైన్లు బోలెడు. తేడా తెలియాలంటే స్టీలు ట్యాంకులో చేసిన షార్డనేను, పీపాలో చేసిన దాన్ని పక్కపక్కన పెట్టుకోవాలి. వేడి చోటి పండుకు వెన్న, కొత్త చెక్క రెండూ ఎక్కించి, పులుపు వదిలేసిన సీసాలు మొదటి గుక్కకు కమ్మగా ఉండి మూడో గుక్కకు వెగటవుతాయి. మీగడ ఎక్కువైన పాయసం లాంటి అలసట అది.

సొవిన్యో బ్లాంక్‌లో పచ్చగడ్డి, పచ్చి క్యాప్సికం వాసన పైరజీన్లు అనే పదార్థాల వల్ల. ఎండ తగిలేకొద్దీ అవి తగ్గి పంపరపనస, పీచ్ వైపు మళ్లుతుంది. రాబర్ట్ మొండావి 1960ల చివర ఈ ద్రాక్ష వైన్‌కే 'ఫ్యూమే బ్లాంక్' అని పేరు పెట్టి అమ్మారు. 'ఫ్యూమే' అంటే ఫ్రెంచిలో పొగ పట్టినది, అయినా ఆ మాటను చూసి పొగ వాసన కోసం వెతకనక్కర్లేదు.

రెడ్ వైన్లలో జిన్‌ఫాండెల్ పాఠం

పినో నొవార్‌కు వగరు తక్కువ, పులుపు ఎక్కువ. రష్యన్ రివర్ వ్యాలీ లాంటి పొగమంచు చోట్లు దానికి సరిపోతాయి. కాబెర్నే ఆ రెండో కొస. దానిలో క్యాప్సికం వాసన గట్టిగా వస్తే పండు పూర్తిగా పండలేదని, ఎండు ద్రాక్ష వాసన వస్తే ఎక్కువ పండిందని అర్థం. మంచి కాబెర్నేలో వగరు గట్టిగానే ఉంటుంది గాని, పచ్చి అరటికాయలా నోరు పట్టేయదు, ముదురు నేరేడులా నునుపుగా పరుచుకుంటుంది. కొత్త సీసాను డికాంటర్ అనే గాజు కూజాలోకి వంచి గంట రెండు గంటలు ఉంచితే ముడుచుకున్న వాసన విప్పుకుంటుంది. పాత సీసాను ముందురోజే నిలువుగా పెట్టి, అడుగున మడ్డి దిగాక, మెల్లగా వంచి వెంటనే తాగాలి.

కాలిఫోర్నియా స్వభావాన్ని అన్నిటికంటే బాగా చూపేది జిన్‌ఫాండెల్. చాలాకాలం అక్కడిదే అనుకున్న ఈ ద్రాక్ష క్రొయేషియాకు చెందిన ఒక పాత రకమేనని 2001లో యూసీ డేవిస్‌కు చెందిన కరోల్ మెరెడిత్, క్రొయేషియా శాస్త్రవేత్తలు కలిసి డీఎన్ఏతో తేల్చారు. ఇటలీలో ప్రిమిటీవో కూడా ఇదే. దీని గుత్తి ఒక్కసారిగా పండదు. ఒకే గుత్తిలో పచ్చి కాయ, పండు, ఎండిపోయిన కిస్‌మిస్ పక్కపక్కనే ఉంటాయి. పచ్చివి పండేదాకా ఆగితే కిస్‌మిస్‌లు పెరుగుతాయి. నలిపిన రోజు చక్కెర కొలిస్తే తక్కువే చూపుతుంది, రెండు రోజులకు కిస్‌మిస్‌లు నాని లోపలి చక్కెర వదిలాక అంకె పైకి పోతుంది. 15 శాతం దాటిన ఆల్కహాల్, కొన్నిసార్లు పులియక మిగిలిన తీపి అలా వస్తాయి. లోడై ప్రాంతపు ముసలి తీగల జిన్‌ఫాండెల్‌ను, సొనోమా డ్రై క్రీక్ వ్యాలీ సీసాతో పక్కపక్కన పెట్టి చూస్తే ఎండను ఎవరు ఎంత అదుపులో పెట్టారో తెలుస్తుంది.

దోషాలు

తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన గోనె వాసన వస్తే అది బిరడా దోషం. టీసీఏ అనే పదార్థం లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా చాలు. తక్కువ మోతాదులో బూజు వాసన తెలియకుండా పండు వాసనను మాత్రం చంపేస్తుంది. గాలి తగిలితే పోదు, సీసా వెనక్కి ఇచ్చేయడమే. గోళ్ల రంగు తుడిచే ద్రావకం, సిర్కా వాసనలు బాక్టీరియా, ఈస్టుల పని. గుర్రపు సాల, ప్లాస్టర్ పట్టీ వాసన బ్రెటనోమైసిస్ అనే ఈస్టుది. వేసవిలో ఫ్రీమాంట్ నుంచో శాన్ హోసే నుంచో శనివారం నాపా వెళ్లి, కొన్న సీసాలు కారు డిక్కీలో పెట్టి సాయంత్రం దాకా తిరిగే తెలుగు కుటుంబాలు ఎన్నో. ఎండలో డిక్కీ 40 డిగ్రీలు దాటుతుంది, బిరడా పైకి ఉబికి, పండు ఉడికిన జామ్‌లా మారుతుంది. థర్మోకోల్ పెట్టె, రెండు ఐసు సంచులు ఆ నష్టాన్ని ఆపుతాయి.

పొగ దోషం కాలిఫోర్నియాకు ఇప్పటి పెద్ద బాధ. 2020 ఆగస్టులో మెరుపులకు రేగిన అడవి మంటలు, సెప్టెంబర్ చివర నాపాను కాల్చిన 'గ్లాస్ ఫైర్' అనే కార్చిచ్చు తర్వాత కొన్ని వైనరీలు ఆ ఏడాది రెడ్ వైన్లే చేయలేదు. పొగలోని పదార్థాలు తొక్కలోకి చేరి చక్కెరతో అతుక్కుంటాయి, అప్పుడు వాటికి వాసన ఉండదు. అందుకే గ్లాసు ముక్కు దగ్గర బాగానే ఉంటుంది. నోట్లోకి వెళ్లాక ఆ బంధం తెగి, ఉమ్మేసిన పది పదిహేను సెకన్లకు ఆరిపోయిన బూడిద రుచి నాలుక వెనక తేలుతుంది. తొక్కతో పులియబెట్టరు కనుక వైట్ వైన్లలో ఇది తక్కువ. ఆ ఏడాది నాపా రెడ్ కొనేముందు ఒక గుక్క వేసి నిమిషం ఆగి చూడటం మంచిది.

పేరు కప్పి రుచి చూస్తే

1976 మే 24న పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్లను పక్కపక్కన పెట్టి, సీసాల పేర్లు దాచి ఫ్రెంచి నిపుణుల చేత తీర్పు చెప్పించారు. వైట్లలో షాటో మోంటెలీనా 1973 షార్డనే, రెడ్లలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 కాబెర్నే మొదటి స్థానంలో నిలిచాయి, రెండూ కాలిఫోర్నియావే. తాగుతున్నది ఏ దేశపుదో కూడా కొందరు పొరబడ్డారు. పేరు, ధర నాలుకను ఎంత నడిపిస్తాయో తెలిసిన వృత్తివాళ్ల సంగతే అది. ఇంట్లో మూడు సీసాలకు కాగితం సంచులు తొడిగి, అంకెలు వేసి, పులుపు, వగరు, వేడి, నిలకడకు ఐదు చొప్పున మార్కులు రాసుకున్నాక సంచులు తీయాలి. ఖరీదైనది చివరికి రావడం అరుదు కాదు.

రుచి చూసేటప్పుడు మధ్యలో ఉప్పు లేని బిస్కెట్టు గాని, ఉత్త అన్నం గాని చాలు. తర్వాత భోజనంలో మాత్రం జాగ్రత్త. మిరప కారం ఆల్కహాల్ సెగను రెట్టింపు చేసినట్టు అనిపిస్తుంది, అందుకే జిన్‌ఫాండెల్‌తో గుంటూరు కారం పట్టదు. పులిహోర, చింతపండు పులుసు ముందు షార్డనే చప్పబడుతుంది, సొవిన్యో బ్లాంక్ నిలబడుతుంది. కొంచెం తీపి మిగిల్చిన ఆండర్సన్ వ్యాలీ గెవుర్స్‌ట్రమినర్ అనే వైట్ వైన్ కారానికి మంచి జోడు. కాబెర్నేకు కారం తగ్గించి మిరియాలతో వండిన వేటమాంసం కావాలి. అందులోని కొవ్వు, ప్రోటీన్ వగరును మెత్తబరుస్తాయి.

మిగిలిన సీసాకు బిరడా పెట్టి, రెడ్ అయినా సరే, ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు మళ్లీ ఒక గుక్క చూడాలి. నిన్న మూసుకుపోయి ఉన్న హోవెల్ మౌంటెన్ కాబెర్నే ఈరోజు తెరుచుకోవచ్చు. నిన్న ఘుమఘుమలాడిన తీపి రెడ్ బ్లెండ్‌లో ఈరోజు సెగ, చెక్క తప్ప ఏమీ మిగలకపోవచ్చు. మూడో రోజు దాటితే వంటకు వాడటమే.